పేదల జమాఖర్చు రాసిన పంతులు: దాదాభాయి నౌరోజీ జీవితం

దాదాభాయి నౌరోజీ గారి పేరు విననివారు మన సభ్యుల్లో ఎవరూ ఉండరనుకుంటాం. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆయన బొమ్మ ఉంటుంది. తెల్లని గడ్డం, పార్సీ టోపీ, కింద భారతదేశ కురువృద్ధుడు అని ఒక బిరుదు. పిల్లలు ఆ బిరుదును బట్టీపట్టి పరీక్షలో రాసి రెండు మార్కులు తెచ్చుకుంటారు. అక్కడితో సరి. ఆయన చేసిన అసలు పని ఏమిటి, దాని కోసం ఎన్నేళ్లు కష్టపడ్డారు అని అడిగితే పిల్లలే కాదు, మాతోపాటు పనిచేసే ఉపాధ్యాయులు కూడా ఒక్కోసారి నీళ్లు నములుతారు. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఈయన జీవితాన్ని ఎంచుకున్నాం. సావనీర్‌లో ఒక పార్సీ పెద్దమనిషి కథ ఎందుకండీ అని ఒకరిద్దరు మిత్రులు అన్నారు. చదివిన తర్వాత వారే చెప్పాలి.

ఆయన 1825 సెప్టెంబరు 4న బొంబాయిలో ఒక పేద పార్సీ పురోహితుని ఇంట జన్మించారు. నాలుగేళ్ల వయసుకే తండ్రి పోయారు. తల్లి మాణెక్‌బాయి గారికి అక్షరం ముక్క రాదు. ఆ రోజుల్లో వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వాళ్లలో అభ్యంతరం లేకపోయినా ఆమె చేసుకోలేదు. ఉన్న ఒక్క కొడుకునే నమ్ముకుని బతికారు. ఊళ్లో బడి నడిపే మెహతాజీ, అంటే మన పంతులు గారన్నమాట, పిల్లవాడి తెలివి చూసి ఇంగ్లీషు బడికి పంపమని ఆమెను ఒప్పించారు. ఆ బడిలో ఫీజు లేదు. ఫీజు ఉండి ఉంటే నౌరోజీ గారి చదువు అక్కడే ఆగిపోయేది.

ఈ ఫీజు సంగతి చిన్న విషయంలా కనిపిస్తుంది గాని ఆయన జీవితం యావత్తూ దాని మీదనే నిలబడి ఉంది. ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లోనే ఆయనకు ఒక ఆలోచన వచ్చిందట. తన చదువుకు డబ్బు ఎవరు కట్టారు? తల్లి కట్టలేదు, తాను కట్టలేదు. ప్రజల సొమ్ముతో నడిచిన బడి అది. ప్రజలంటే ఎవరు? ఉప్పు మీద, పొలం మీద పన్ను కట్టే గరీబులు. అంటే తాను వాళ్లకు బాకీ. ఆ బాకీ తీర్చాలి. వృద్ధాప్యంలో తన చిన్ననాటి సంగతులు రాసుకున్నప్పుడు ఆయన ఈ మాట స్పష్టంగా చెప్పుకున్నారు. ప్రభుత్వ బడిలో చదివి, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు తీసుకుని పైకి వచ్చినవారు మనలో చాలామందే ఉన్నారు. మేమూ అలా వచ్చినవాళ్లమే. కాని ఆ డబ్బు ఎవరి ఇంటి నుంచి వచ్చింది అని ఎంతమందిమి అడిగాం?

చదువులో ఆయన మొదటివారుగా నిలిచారు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి ఎర్‌స్కిన్ పెర్రీ గారు ఆయన్ని ఇంగ్లండు పంపి బారిస్టరు చేయిద్దామని, సగం ఖర్చు తాను పెట్టుకుంటానని ముందుకు వచ్చారు. సముద్రం దాటితే కుర్రవాడు మతం మారిపోతాడేమోనని పార్సీ పెద్దలు భయపడ్డారు, ఆ ప్రయత్నం అంతటితో ఆగింది. (పిల్లల్ని పైచదువులకు దూరం పంపాలంటే భయపడే పెద్దలు ప్రతి జమాత్‌లోనూ ఉంటారు, ఇది మన ఒక్కరి జబ్బే కాదు.) ఆయన చదివిన చోటనే ఉపాధ్యాయుడయ్యారు. 1855 నాటికి గణితానికి, ప్రకృతి శాస్త్రానికి ప్రొఫెసరుగా ఉన్నారు. ఆ కళాశాలలో ఆ హోదా పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఉద్యోగం చేస్తూనే 1849లో మిత్రులతో కలిసి బాలికల పాఠశాలలు తెరిచారు. జీతం ఇచ్చి టీచర్లను పెట్టుకునే స్తోమత లేదు. కనుక ఆ యువకులే పొద్దున్నే తమ కొలువులకు పోకముందు ఇళ్ల వరండాల్లో ఆడపిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆడపిల్లలకు అక్షరాలు నేర్పితే సంసారాలు చెడిపోతాయని బొంబాయిలో పెద్ద గొడవ అయింది. కొందరు ఇంటి మెట్లు కూడా ఎక్కనివ్వలేదు. 1851లో ఆయన గుజరాతీలో రాస్త్ గోఫ్తార్ అనే పత్రిక పెట్టారు. ఈ పేరు ఫారసీ మాట, సత్యం చెప్పేది అని అర్థం. మన ఉర్దూ తెలిసిన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

1855లో ఆయన ప్రొఫెసరు ఉద్యోగం వదిలి లండన్ వెళ్లారు. కామా కంపెనీ అనే పార్సీ వర్తక సంస్థ అక్కడ శాఖ తెరిస్తే అందులో భాగస్తుడిగా వెళ్లారు. ఇంగ్లండులో భారతీయులు పెట్టిన మొదటి వర్తక సంస్థ అదే. కాని నల్లమందు, సారాయి వ్యాపారం మీద వచ్చే లాభంలో తనకు వాటా వద్దని ఆయన పట్టుబట్టారు. చివరకు భాగస్వామ్యం నుంచే తప్పుకుని 1859లో సొంతంగా దూది వ్యాపారం పెట్టారు. వ్యాపారంలో లాభాలూ చూశారు, నష్టాలూ చూశారు. ఆ కథ మనకు ఇక్కడ అంత ముఖ్యం కాదు. ముఖ్యమైనది వేరే ఉంది. వర్తకుడు పద్దు రాయకుండా ఒక్క రోజు గడపలేడు. లెక్కల మాస్టరు వర్తకుడైతే ఇంక చెప్పేదేముంది? ఆయన దృష్టి మొత్తం దేశం పద్దు మీదకు పోయింది. హిందూస్తాన్‌కు జమ ఎంత, ఖర్చు ఎంత, మిగిలేది ఎంత, అది ఎవరికి మిగులుతోంది?

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. 1858లో కంపెనీ పాలన పోయి విక్టోరియా రాణి పాలన వచ్చింది. రైళ్లు వస్తున్నాయి, తంతి తపాలా వచ్చింది, కాలువలు తవ్వుతున్నారు, మూడు నగరాల్లో విశ్వవిద్యాలయాలు పెట్టారు. వీటన్నిటినీ చూపించి దేశం నానాటికీ సంపన్నమవుతోందని లండన్‌లో దొరలు పార్లమెంటులో ఏటేటా చెప్పేవారు. మరోపక్క 1866లో ఒరిస్సాలో కరువు వచ్చి పది లక్షల మంది దాకా చనిపోయారు. సంపన్నమవుతున్న దేశంలో మనుషులు అలా ఎందుకు రాలిపోయారు? దొరల దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఈ దేశంలో ఒక్కొక్క మనిషికి ఏడాదికి ఎంత వస్తుందో వాళ్లు ఎన్నడూ లెక్క వేయలేదు. భూమి శిస్తు ఎంత వచ్చిందో దమ్మిడీతో సహా వాళ్లకు తెలుసు. శిస్తు కట్టినవాడు ఏం తిన్నాడో తెలియదు.

ఆ లెక్క నౌరోజీ గారు వేశారు. 1866లో లండన్‌లో ఈస్ట్ ఇండియా అసోసియేషన్ స్థాపించి, 1867లో మొదలుపెట్టి ఒకదాని వెంట ఒకటిగా వ్యాసాలు చదివారు. 1870లో తలసరి ఆదాయం మొదటిసారి అంచనా కట్టారు. 1876లో బొంబాయిలో ఆ లెక్క పూర్తి వివరాలతో చదివారు. తలసరి ఆదాయం అనే మాట పేపర్లలో చూసి మనం మామూలుగా చదివేసి పేజీ తిప్పేస్తాం. ఈ దేశానికి దాన్ని మొదట లెక్కగట్టి చూపినవారు ఆయనే.

ఎలా కట్టారంటే, వింత ఏమీ లేదు, మన ఎనిమిదో తరగతి లెక్కే. ప్రతి రాష్ట్ర ప్రభుత్వమూ ఏటా ఒక పరిపాలన నివేదిక అచ్చువేసేది. అందులో ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారు, ఎకరాకు ఎంత పండింది, ధర ఎంత అనే పట్టికలు ఉండేవి. ఆయన ఆ నివేదికలు ముందేసుకుని రాష్ట్రం తర్వాత రాష్ట్రం పంట విలువ కట్టారు. విత్తనాలకు పోయేది తీసేశారు. ఉప్పు, నల్లమందు, బొగ్గు, చేతివృత్తుల సరుకు, అన్నీ కలిపారు. తెలియనిచోట ప్రభుత్వానికి అనుకూలంగానే, అంటే ఎక్కువగానే వేశారు. బ్రిటిషు ఇండియా మొత్తానికి 1867-68లో ఏడాది రాబడి 34 కోట్ల పౌండ్లు తేలింది. జనాభా 17 కోట్లు. తలకు 40 షిల్లింగులు. అప్పటి మారకంలో 20 రూపాయలు. అదీ వానలు బాగా కురిసిన సంవత్సరానికి.

ఇరవై రూపాయలంటే నెలకు ఒక రూపాయి పది అణాల ఎనిమిది దమ్మిడీలు. రోజుకు అణా కూడా లేదు, పది దమ్మిడీల పైచిలుకు. తిండి, బట్ట, ఇల్లు, మందు, పెళ్లి, చావు, పన్ను అన్నీ అందులోనే. పైగా ఇది సగటు, మా ఉర్దూ తరగతిలో ఔసత్ అంటాం. జమీందారు, షావుకారు, తెల్లదొర అందరి రాబడీ ఆ ఇరవైలో కలిసి ఉంది. వాళ్ల వాటా తీసేస్తే కూలివాడికి మిగిలేది ఇంకా తక్కువ. ఈ సంగతిని ఆయన మరీ మరీ చెప్పారు.

ఔసత్ అనేసరికి ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేం. ఆయన ఆ ప్రభుత్వ పట్టికలు చదువుతుంటే అధికారులకు సగటు తీయడమే సరిగా రాదని తేలింది. జిల్లాల ధరలన్నీ కూడి, జిల్లాల సంఖ్యతో భాగించేసేవారు. ఏ జిల్లాలో ఎంత పంట ఉందో చూసేవారు కాదు. మేము పిల్లలకు ఇలా చెబుతాం. ఒక ఊళ్లో వంద ఎకరాలు, ఎకరాకు పది బస్తాలు. పక్క ఊళ్లో పదే ఎకరాలు, ఎకరాకు ఇరవై బస్తాలు. సగటు ఎంత? తొందరపడే పిల్లవాడు పదిహేను అంటాడు. తప్పు. మొత్తం 1200 బస్తాలు, మొత్తం 110 ఎకరాలు, ఎకరాకు పదకొండు బస్తాలు కూడా రావు. జిల్లాలను ఏలే దొరలు ఈ పిల్లవాడి తప్పే చేసి అచ్చువేసి పార్లమెంటుకు పంపారు. నౌరోజీ గారు వాటిని ఒక్కొక్కటిగా దిద్దారు. దిద్దితే తన వాదానికి బలం తగ్గేచోట కూడా మొహమాటపడకుండా దిద్దారు. మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఐతే ఇరవై రూపాయలు తక్కువా ఎక్కువా అని దొరలు అడగవచ్చు గదా. ఇండియాలో బతకడం చౌక, ఆ వాతావరణానికి ఆ మాత్రం చాలు అనేవారు. దానికి నౌరోజీ గారు చూపిన కొలత మాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. ఆయన జైళ్ల నివేదికలు తీశారు. ఖైదీకి ఏడాదికి తిండికీ బట్టకూ ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోంది? మద్రాసు రాజధానిలో బయట మనిషి సగటు రాబడి 18 రూపాయలు, లోపల ఖైదీ ఖర్చు 53 రూపాయల పైన. బొంబాయిలో బయట 22, లోపల 47 పైన. బెంగాలులో బయట 15, లోపల 31 పైన. దొంగతనం చేసి లోపలికి పోయినవాడికి దొరికే తిండి, నాగలి పట్టి పన్ను కట్టేవాడికి దొరకదన్నమాట. జైలులో విలాసం ఏమీ లేదు, ప్రాణం నిలిచి పని చేయడానికి ఎంత కావాలో వైద్యులు లెక్కగట్టి ఇచ్చిన కూడు అది. కొలత ఆయన సొంతంది కాదు, సర్కారుదే. కనుక కాదనడానికి వీల్లేదు.

అలాగే వలస కూలీల సంగతి. కలకత్తాలో వలస కూలీలను తనిఖీ చేసే ప్రభుత్వ వైద్యాధికారి, ఓడలో ఏ పనీ లేకుండా కూర్చుని ప్రయాణం చేసే కూలీకి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత నూనె ఇవ్వాలో పట్టిక ఇచ్చారు. నౌరోజీ గారు ఆ పట్టికకు బజారు ధరలు వేసి చూశారు. ఊరికే కూర్చున్నవాడికి కావలసిన ఆ తిండి ఖరీదు కూడా ఎండలో పనిచేసే రైతు రాబడికి మించిపోయింది. మన విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి మారిషస్‌కూ బర్మాకూ తరలిపోయిన తెలుగు కూలీల కుటుంబాల వారు ఇప్పటికీ ఆ దేశాల్లో ఉన్నారు. వాళ్ల పెద్దలు ఎందుకు ఓడ ఎక్కారో ఈ పట్టిక చెబుతుంది.

మద్రాసు లెక్క అంటే సగం మన లెక్కే. సర్కారు జిల్లాలు, కర్నూలు, కడప, బళ్లారి, అనంతపురం సీమ అంతా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. తెలంగాణం నిజాం రాజ్యంలో ఉంది గనుక ఆయన పట్టికలోకి రాలేదు. ఆయన ఆ వ్యాసం బొంబాయిలో చదివిన 1876లోనే మన సీమలో వానలు తప్పాయి. పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది అదే. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిగా చిల్లర చాలునని తేల్చారు. అది ఖైదీ కూడుకంటే తక్కువ. దానితో పనిచేసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించి రాశారు. కొన్ని నెలలకు రేటు పెంచారు గాని అప్పటికే కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వానలు కురిసిన ఏడాదే ఇరవై రూపాయల్లో బతికిన మనిషి దగ్గర, వానలు లేని ఏడాదికి దాచుకున్నది ఏం ఉంటుంది?

పేదరికం ఇంత అని చూపాక, ఎందుకు అని చెప్పాలి గదా. ప్రభుత్వం వసూలు చేసిన రాబడిలో సుమారు నాలుగో వంతు ప్రతి ఏడూ దేశం దాటి ఇంగ్లండుకు పోతోందని ఆయన చూపించారు. అక్కడ కూర్చున్న రిటైరు దొరల పెన్షన్లు, ఇండియా ఆఫీసు ఖర్చులు, అప్పుల వడ్డీ, రైలు కంపెనీలకు హామీ ఇచ్చిన వడ్డీ, సైన్యం ఖర్చులు. 1867లో తుర్కీ సుల్తాను అబ్దుల్ అజీజ్ లండన్ వచ్చినప్పుడు ఆయన గౌరవార్థం ఇండియా ఆఫీసులో జరిపిన విందు బిల్లు కూడా హిందూస్తాన్ ఖజానా మీదనే రాశారు. అతిథి మన ఖలీఫాయే కావచ్చు, ఇంగ్లండు ఇంటికి వచ్చిన అతిథికి బిల్లు కట్టినవాడు మాత్రం బళ్లారి రైతు. ముందటి ఏడే ఒరిస్సా చచ్చింది.

ఇక్కడ మాకు ఆయనలో నచ్చే గుణం ఒకటుంది. ఆయన తిట్టలేదు. బ్రిటిషువారు చేసిన మంచిని కూడా పద్దులో జమ వైపు రాశారు. శాంతి, కోర్టులు, బడులు, సతి నిషేధం, పత్రికలు, రైళ్లు అన్నీ రాశారు. తరువాత ఖర్చు వైపుకు వచ్చారు. రైలు మంచిదే, కాని వేరే దేశంలో రైలు వేస్తే అక్కడి జీతమూ లాభమూ అక్కడే తిరుగుతాయి. ఇక్కడ ఇంజనీరు జీతం, పట్టా ఖరీదు, వడ్డీ అన్నీ సముద్రం దాటుతున్నాయి. పెద్ద ఉద్యోగాలన్నీ తెల్లవారివే గనుక జీతంతో పాటు అనుభవం కూడా పోతోంది. ముప్ఫై ఏళ్లు పనిచేసి నేర్చుకున్నదంతా మూటగట్టుకుని దొర ఓడ ఎక్కుతాడు, మన పిల్లవాడు గుమాస్తాగానే మిగిలిపోతాడు. బడులకూ ఆసుపత్రులకూ ఖర్చు పెట్టాలంటే ఖజానాలో డబ్బు లేదంటారు. డబ్బు లేకపోవడం కాదు, డబ్బు ఇక్కడ లేకపోవడం. అందుకే సివిల్ సర్వీసు పరీక్ష లండన్‌తో పాటు ఇండియాలో కూడా ఒకేసారి పెట్టాలని ఆయన జీవితమంతా అడిగారు.

ఆయన లెక్కను సర్కారు ఊరికే వదల్లేదు. 1873లో పార్లమెంటు ఆర్థిక సంఘం ముందు సాక్ష్యం ఇవ్వడానికి పట్టికలన్నీ పట్టుకుని వెళితే ఆయనను సరిగా చెప్పనివ్వలేదు, పట్టికలు నివేదికలో అచ్చువేయలేదు. ఇండియా ఆఫీసులో డాన్వర్స్ అనే అధికారి, వర్తకం లాభమూ రైళ్ల రాబడీ లెక్కలో కలపలేదని తప్పుపట్టారు. నౌరోజీ గారు 1880లో పేజీలకు పేజీలు జవాబు రాశారు. సరుకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తే కొత్త ధాన్యం పుట్టదని ఆయన వాదం. ఈ విషయంలో తరువాతి ఆర్థికవేత్తలు ఆయనతో పూర్తిగా ఏకీభవించలేదు. మంగలి, డాక్టరు, బండివాడు, పంతులు చేసే సేవలకు కూడా విలువ కట్టాలని, అది కట్టకపోవడం వల్ల ఆయన అంకె కొంత తక్కువగా వచ్చిందని చెప్పారు. అది నిజమే అని మాకూ అనిపిస్తుంది. పంతుల్ని లెక్కలోంచి వదిలేసిన పంతులు ఆయన! ఐనా దొరల లెక్కలు మాత్రం ఎంత తేడా వచ్చాయి? 1882లో ఆర్థిక సభ్యుడు బేరింగ్ దొర లెక్క కట్టిస్తే 27 రూపాయలు తేలింది. ఆ లెక్క వివరాలు చూపమని నౌరోజీ గారు అడిగితే చూపలేదు. 1901లో కర్జన్ ప్రభువు చెప్పింది 30 రూపాయలు. ఇరవై కాదు ముప్ఫై అని వైస్రాయి గారు సభలో చెప్పుకున్నారంటేనే, వాదం ఎవరి మైదానంలో జరుగుతోందో తెలుస్తుంది. పేదరికం ఉందా లేదా అన్న ప్రశ్న పోయి, ఎంత ఉంది అన్న ప్రశ్న వచ్చింది.

మన సంఘం స్కాలర్‌షిప్ ఫారంలో కుటుంబ వార్షిక ఆదాయం అని ఒక గడి ఉంటుంది. దాన్ని నింపేటప్పుడు కొందరు సున్నా పెడతారు, కొందరు సిగ్గుపడి ఎక్కువ రాస్తారు, కొందరు పక్కవాడిది చూసి రాస్తారు. కమిటీలో కూర్చుని ఎవరికి ఇవ్వాలో తేల్చేటప్పుడు ఆ గడి చూసి ఎన్నిసార్లు తల పట్టుకున్నామో! ఇల్లిల్లూ తిరిగి, రిక్షా తొక్కితే రోజుకు ఎంత, బీడీలు చుడితే వెయ్యికి ఎంత, అద్దె ఎంత, బియ్యం ఎన్ని కిలోలు అని రాసుకున్న ముహల్లాల్లో గొడవ రాలేదు.

ఆయన లెక్కలు రాసి ఊరుకోలేదు, పదవులలో ఉండి కూడా చూశారు. 1874లో బరోడా సంస్థానానికి దివానుగా వెళ్లారు. మల్హర్‌రావు గాయక్వాడ్ దర్బారు అవినీతితో నిండిపోయి ఉంది. పక్కన ఇంగ్లీషు రెసిడెంటు కర్నల్ ఫేర్ అడుగడుగునా అడ్డుపుల్ల వేశాడు. ఏడాది తిరిగేసరికి రాజీనామా ఇచ్చి బయటపడ్డారు. తరువాత బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్‌లో సభ్యుడయ్యారు. నగరానికి మంచినీళ్లు వచ్చే విహార్ చెరువు అప్పు లెక్కలు తిరగవేసి, ప్రభుత్వం కార్పొరేషన్ దగ్గర రావలసినదానికంటే ఎక్కువ అడుగుతోందని వాదించారు. నీళ్ల పన్ను కట్టే జనం తరఫున ఒక సభ్యుడు ఖాతా పుస్తకం చదవడం ఆ కాలంలో కొత్త.

చివరకు అసలు తాళంచెవి లండన్‌లో ఉందని, పార్లమెంటులోకే పోవాలని నిర్ణయించుకున్నారు. 1886లో హోబర్న్‌లో నిలబడి ఓడిపోయారు. అదే ఏడు చివర కలకత్తాలో జరిగిన కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. మరుసటి ఏడు మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షుడు ఆయన బొంబాయి సహచరుడు బద్రుద్దీన్ త్యాబ్జీ గారు. 1888లో ప్రధానమంత్రి సాలిస్‌బరీ ప్రభువు ఒక సభలో హోబర్న్ ఓటమి ప్రస్తావన తెచ్చి, నల్లవాణ్ణి ఎన్నుకునే దశకు ఇంగ్లీషు ఓటర్లు ఇంకా రాలేదన్న అర్థంలో ఎగతాళి చేశారు. దానితో నౌరోజీ ఎవరో ఇంగ్లండులో అందరికీ తెలిసిపోయింది. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నియోజకవర్గంలో ఆయన గెలిచారు. మెజారిటీ ఎంతనుకున్నారు? అయిదు ఓట్లు! ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అని పోలింగు రోజు ఇంట్లో కూర్చునేవారికి ఈ అంకె చూపించాలి. పార్లమెంటులో ఆయన తమ మతగ్రంథం అవెస్తా మీద ప్రమాణం చేశారు.

1893 జూన్ 2న కామన్స్ సభలో సివిల్ సర్వీసు పరీక్ష రెండు దేశాల్లోనూ జరపాలన్న తీర్మానం వచ్చింది. 76 మీద 84 ఓట్లతో నెగ్గింది. నౌరోజీ గారి కల నెరవేరిందని ఇక్కడ జనం సంతోషించారు. ప్రభుత్వం ఆ తీర్మానాన్ని అమలు చేయలేదు. సభ ఒప్పుకున్నా సర్కారు ఒప్పుకోకపోతే కాగితం కాగితంగానే ఉంటుంది. 1895 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఆ ఏడే భారతదేశ వ్యయంపై వెల్బీ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేశారు, అందులో ఆయనకు స్థానం దొరికింది. కమిషన్ సభ్యుడిగా కూర్చున్న ఆయనే సాక్షి కుర్చీలోకి కూడా వెళ్లి సాక్ష్యం ఇచ్చారు. 1900లో నివేదిక వచ్చినప్పుడు ఆయన, వెడ్డర్‌బర్న్, కెయిన్ గార్లు కలిసి వేరే నివేదిక ఇచ్చారు. ఈలోగా 1896-97లో ఒక కరువు, 1899-1900లో ఇంకో కరువు వచ్చిపోయాయి. 1901లో తన వ్యాసాలూ ఉత్తరాలూ లెక్కలూ అన్నీ కలిపి పెద్ద పుస్తకంగా అచ్చువేశారు. భారతదేశ పేదరికం, బ్రిటిషు సంప్రదాయానికే తగని పాలన అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు దాటాయి. అన్నేళ్లూ లెక్క చూపిస్తే ఇంగ్లీషువారు సిగ్గుపడి దిద్దుకుంటారని నమ్మారు. మరీ అమాయకత్వం అని కొత్త తరం వారు అప్పట్లోనే విమర్శించారు. మాకు తోచేది ఏమంటే, లెక్క ఆయన నమ్మకం కంటే బలమైనది. నమ్మకం వమ్మైనా లెక్క నిలిచింది.

ఆయన కూడా మారారు. 1906లో, 81 ఏళ్ల వయసులో, మూడోసారి కాంగ్రెసు అధ్యక్షుడిగా కలకత్తా వచ్చి స్వరాజ్యమే కావాలని ఆ వేదిక మీద నుంచి ప్రకటించారు. గొంతు బలహీనపడి ఉపన్యాసం మొత్తం తానే చదవలేకపోయారు, గోఖలే గారు చదివి వినిపించారు. ఆ సభల్లో ఆయనకు కార్యదర్శిగా పనిచేసిన యువ బారిస్టరు ముహమ్మద్ అలీ జిన్నా. మరుసటి ఏడు దేశానికి తిరిగివచ్చి బొంబాయి దగ్గర వర్సోవా సముద్రతీరంలో స్థిరపడ్డారు. 1917 జూన్ 30న, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సివిల్ సర్వీసు పరీక్ష మొదటిసారి ఈ దేశంలో జరిగింది 1922లో, అలహాబాదులో. ఆయన పోయి అప్పటికి అయిదేళ్లు.